భివండిలో ఎవరూ గెలవని పరుగు

మీ ఇంటి గోడ మీద బతికున్న మనిషి ఫోటో ఒక్కటైనా ఉందా? పెళ్లినాటి జంట ఫోటో లెక్కలోకి రాదు. దేవుళ్లూ నాయకులూ రారు. ఒక్క మనిషి, ఒంటరిగా, పెద్ద సైజులో, చెక్క ఫ్రేములో బిగించి, అద్దం వెనక నుంచి మిమ్మల్నే చూస్తూ ఉండాలి. లేచి వెళ్లి చూసి రండి. అలాంటి ఫ్రేములు ఉండి, అవన్నీ పోయినవాళ్లవే అయితే, ఇది మీరు చివరిదాకా చదవాలి.

కిందటి డిసెంబరులో ఐదు రోజులు భివండిలో ఉండి వచ్చాను. బొంబాయి దాపున మరమగ్గాల ఊరది. ఉత్తర తెలంగాణ నుంచి రెండు మూడు తరాల కిందట వెళ్లిన నేత కుటుంబాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. తమ పిల్లల కోసం వాళ్లు చందాలు వేసుకుని కట్టుకున్న ఒక చిన్న కాలేజీ ఉంది. మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇమ్మని పిలిచారు. ముప్పై ఏళ్లుగా ఇస్తున్న ఉపన్యాసమే. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. అక్కడ మాత్రం దాన్ని ఇవ్వలేదు.

భివండి రోడ్

రైలు దిగింది నలుగురం. మిగతా ముగ్గురూ పట్టాలు దాటి ఎటో వెళ్లిపోయారు. ప్లాట్‌ఫారం మీద నిలబడితే దూరంగా వాన పడుతున్న చప్పుడు. తలెత్తి చూశాను. మచ్చుకైనా మబ్బు లేదు.

రిక్షా అతను నా పంచె చూసి తెలుగులోనే పలకరించాడు. వాన వస్తుందా అని అడిగాను.

"వాన గాదు సార్, మగ్గాలు. నాల్గు దినాలుంటె ఇనబడది. మల్ల ఆగినప్పుడే ఇనబడ్తది."

కాలేజీ పేరు చెప్పాను. అతను అద్దంలో నా మొహం చూశాడు. "ఫోటోల కాలేజా? మా పోరడు గక్కడ్నే సదివిండు సార్. మంచిగనే జెప్తరు. ఆటలల్ల మాత్రం ఎయ్యలే."

"ఎందుకని?"

"ఎందుకు సార్ ఆటలు," అని గేరు మార్చాడు. తర్వాత దారంతా వడాపావ్ గురించే మాట్లాడాడు. మూడు రూపాయల వడాపావ్ ఎక్కడ బాగుంటుందో, నాలుగు రూపాయలకు అమ్మేవాడు ఎంత దుర్మార్గుడో. దిగేటప్పుడు ఆపి తినిపించాడు కూడా. వెల్లుల్లి కారం ముక్కులోకెక్కి కళ్ల నీళ్లు తిరిగాయి. మా గుంటూరు వాణ్ని ఏడిపించే కారం ఇంకో ఊళ్లో ఉంటుందనుకోలేదు.

నార్పోలి

నార్పోలి పేటలో నాకు బస ఇచ్చిన మనిషి పేరు రాజమల్లు. ఆ కాలేజీలో ఆటల మాస్టారు. యాభైకి దగ్గరగా ఉంటాడు. సన్నటి మనిషి, ఇప్పటికీ మెట్లు రెండేసి ఎక్కుతాడు, ఎక్కాక దగ్గుతాడు. ఆయన ఖోలీ, అంటే గది, మగ్గాల షెడ్డు మీదే ఉంది. నేల మీద పెట్టిన గ్లాసులో నీళ్లు నిలకడగా ఉండవు. సన్నటి వలయాలు పుడుతూనే ఉంటాయి. రాత్రి చాప మీద పడుకుంటే పళ్లు కూడా సన్నగా అదురుతుంటాయి.

భోజనానికి కూర్చున్నాం. కంచాలు బోర్లించి ఉన్నాయి. అందరూ ఒక్కసారే వాటిని తిప్పి, వంగి, వాటి మీద ఊదారు. ఇదేదో ప్రార్థన, తర్వాత విమర్శించాలి అనుకున్నాను. రాజమల్లు భార్య నా కంచం కూడా తీసుకుని ఊది ఇచ్చింది. పత్తి నూగు. గాలిలో కనబడదు, కంచం మీద వాలాక కనబడుతుంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, పల్లీల కారం పెట్టారు. రుచిగా ఉన్నాయి. ప్రతి ముద్దలోనూ ఏదో సన్నటి పోగు నాలుకకు తగులుతూనే ఉంది.

నడవాలో తొమ్మిది మంది

మర్నాడు కాలేజీ చూపించారు. రెండంతస్తులు, ఎనిమిది గదులు. పొద్దున పిల్లలకు, సాయంత్రం పాళీ, అంటే షిఫ్టు, దిగి వచ్చే కార్మికులకు తరగతులు. ఇంత శ్రద్ధగా నడిచే కాలేజీని మా వైపు నేను చూడలేదు. కింది నడవాలో వెలుతురు తక్కువ. అక్కడ గోడ మీద వరసగా తొమ్మిది ఫోటోలున్నాయి. పైన తెలుగులో, మరాఠీలో 'మన కాలేజీ కీర్తి' అని రాసి ఉంది.

ఏడుగురు ఆటగాళ్లు, ఒక వకీలు, ఒక పాటగాడు. కింద పేరు, సాధించిన ఘనత, ఆ సంవత్సరం. అందరివీ ఒకే రకం నల్ల ఫ్రేములు. తెల్లటి నూలు దండలు. ఎవరికీ ముప్పై ఐదేళ్లు దాటినట్టు లేదు. పెద్దవి చేసిన ఫోటోలు కాబట్టి మొహాలు కాస్త అలుక్కుపోయి, కళ్లు మాత్రం ఎక్కువ నల్లగా ఉన్నాయి. పిల్లలు ఆ నడవాలో గోడకు దూరంగా, అవతలి అంచు పట్టుకుని నడుస్తున్నారు. అటువైపు గచ్చు మాత్రమే అరిగి నున్నగా ఉంది.

"వీళ్లంతా ఇప్పుడెక్కడున్నారు?" అని అడిగాను.

"లేరు సార్," అన్నాడు రాజమల్లు.

"ఎవరు లేరు?"

"ఒక్కలు లేరు."

మైదానం

కాలేజీ వెనక షెడ్ల మధ్య ఒక పొడుగాటి ఖాళీ స్థలం. నేలంతా నూగు రాలి బూడిద రంగులో ఉంటుంది. ఆ ఆదివారం కాశేలి వంతెన అవతల జిల్లా కాలేజీల పోటీలు. అందుకని ఆరుగురు ఆడపిల్లలు నాలుగువందల మీటర్లు పరుగెడుతున్నారు. చివరన ఇద్దరు పిల్లలు తెల్ల నూలు దారం పట్టుకుని నిలబడ్డారు.

స్వప్న అనే అమ్మాయి మిగతావాళ్లను ఎప్పుడో వదిలేసింది. పద్దెనిమిదేళ్లుంటాయి. అంత తేలిగ్గా పరుగెత్తే మనిషిని నేను చూడలేదు. దారం ఇరవై అడుగులుందనగా ఆమె నెమ్మదించింది. వెనక వచ్చేవాళ్లు ఆమెను దాటిపోతారనుకున్నాను. వాళ్లూ నెమ్మదించారు. ఆరుగురూ ఒకే వరసలో నడుచుకుంటూ వచ్చి, దారానికి అడుగు దూరంలో నిలబడిపోయారు. రొప్పుతున్నారు. ఎవరూ దారాన్ని తాకలేదు. పట్టుకున్న పిల్లలు దాన్ని మామూలుగా ఉండ చుట్టి మాస్టారి చేతికిచ్చారు.

"మూడేండ్ల సంది ఒక్కటే దారం సార్," అన్నాడు రాజమల్లు. "తెగలే."

ఆయన చెప్పింది ఇది. జిల్లాలో మొదట వచ్చినవాళ్ల ఫోటో గోడ మీదికి వస్తుంది. గోడ మీదికి వచ్చినవాళ్లు బతకరు. ఇది పిల్లలందరికీ తెలుసు. అందుకే రెండో స్థానం దాకా పరుగెడతారు. పోటీల్లో మొదటి స్థానం వేరే కాలేజీకి వదిలేస్తారు. ఇక్కడ వదిలేయడానికి వేరే కాలేజీ లేదు కాబట్టి అందరూ ఆగిపోతారు.

స్వప్న మొదట వస్తే రాష్ట్ర పోటీకి వెళ్తుంది. ఆ సర్టిఫికెట్టు ఉంటే పోలీసు ఉద్యోగానికి ఆటల కోటాలో నిలబడవచ్చు. రాకపోతే తల్లి పక్కన కూర్చుని కండెలకు నూలు చుట్టాలి. ఆమెకు మిగిలింది ఈ ఏడు, పై ఏడు. తల్లి మాత్రం రెండోదానివే రావాలని ఒట్టు పెట్టించుకుంది.

నాకు ఒళ్లు మండింది. "ఇన్నేళ్లలో గెలిచి బతికున్నవాడు ఒక్కడూ లేడా?"

"ఎందుకు లేరు సార్. కాలేజి వెట్టినప్పుడు జిల్లాల మొట్టమొదలు ఫస్ట్ అచ్చింది నేనే గద."

"మరి మీ ఫోటో ఏది?"

"నేనేమన్న సచ్చిన్నా సార్, ఫోటో వెట్టెతందుకు?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాటలో ఉన్నదేమిటో నాకు ఆ పూట తట్టలేదు. ముప్పై ఏళ్ల హేతువాదం ఎంత మొద్దుబారుతుందో చూడండి.

పగిలిన అద్దం

శుక్రవారం కరెంటు సెలవు. ఊరి మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. రిక్షా అతను చెప్పింది నిజమే, ఆగినప్పుడే వినబడింది. చెవుల్లో నా రక్తం పారుతున్న చప్పుడు. వీధిలో జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు, ఎవరో వింటున్నట్టు.

ఆ నిశ్శబ్దంలో నడవాకు వెళ్లాను. ఫోటోలు ఎవరు తీశారో వెనక ముద్ర ఉంటుందని మూడోది కిందికి దించాను. పేరు శ్రీనివాస్. జిల్లా పరుగు, ప్రథమ స్థానం. మేకు నుంచి ఊడుతుండగా ఫ్రేము జారింది. అద్దం సరిగ్గా మొహం మీద నిలువునా చీలింది. వెనక ఎవరో అబ్బా అన్నట్టు ఊపిరి పీల్చారు. తిరిగి చూస్తే నడవా ఖాళీ. అరగంటలో నార్పోలి అంతా తెలిసిపోయింది.

రాజమల్లు ఫ్రేమును పాత బట్టలో చుట్టాడు. వెనక ముద్ర ఉన్న స్టూడియోకే కొత్త అద్దం కోసం తీసుకెళ్లాం. బజారులో ఇరుకు కొట్టు. యూసుఫ్ చాచా అనే ముసలాయన. తొమ్మిదీ తానే పెద్దవి చేశానన్నాడు. గుర్తింపు కార్డు బొమ్మ నుంచి కొన్ని, తరగతి గ్రూపు ఫోటోలో ఒక తలకాయ నుంచి కొన్ని.

"బతికున్నవాళ్లవి చేయరా?" అని అడిగాను.

ఆయన కళ్లద్దాలు తీశాడు. "బడా ఫోటో జిందా ఆద్మీ కా కౌన్ బనాతా హై, సాబ్?" బతికున్న మనిషిది పెద్ద ఫోటో ఎవరు చేయిస్తారండీ అని. దినాలకు ముందురోజు వస్తారట, అర్జెంటు అంటారట. ఆ పనికోసమే నల్ల ఫ్రేములు ఎప్పుడూ డజను పెట్టుకుంటాడట.

అప్పుడు తట్టింది. నేనేమన్న సచ్చిన్నా సార్.

గోడ మీదికి వెళ్లినవాళ్లు చనిపోలేదు. చనిపోయినవాళ్లే గోడ మీదికి వెళ్లారు. పెద్ద ఫోటో అనే వస్తువు ఆ ఊళ్లో చావు తర్వాతే పుడుతుంది. బతికున్న విజేతకు ఫోటో ఉండదు, ఫోటో లేనివాణ్ని గోడ మీద పెట్టలేరు. ఫ్రేము కింద గెలిచిన సంవత్సరం రాశారు గాని పోయిన సంవత్సరం రాయలేదు. తర్వాత వచ్చిన పిల్లలు ఆ రెండూ కలిపి చదువుకున్నారు.

నేను ఇదంతా ఆవేశంగా చెబుతుంటే రాజమల్లు కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయాడు. "నాకు తెల్వదా సార్. వెట్టింది నేనే గద. ఇంట్ల ఏడ్సుకుంట ఇంకో కాపీ తెచ్చిస్తరు, కాలేజిల వెట్టున్రి అంటరు. వద్దని ఎట్లంట? గని తొమ్మిది వెట్టినంక నాకే బుగులయింది. పోరగాండ్లు ఆగుడు షురు జేసినంక, ఉరుకున్రి అని గట్టిగ అననీకి నోరు రాలే."

తమ్ముడు

శ్రీనివాస్ స్వప్నకు మేనమామ. ఆ సంగతి రాజమల్లుతో కలిసి స్వప్న వాళ్ల ఖోలీకి వెళ్తే గడప దగ్గర తెలిసింది. తల్లి లక్ష్మి నేల మీద కూర్చుని తెగిన నూలు ముక్కలు ఏరుతోంది. తలెత్తలేదు.

"అద్దం మా శీనుగాని మొకం మీద్నే పలిగిందట గద సార్."

"నా చేతిలోంచి జారిందమ్మా. తప్పు నాది."

"మీది గాదు. వాడు ఇంకెవల్నో పిలుస్తుండు."

స్వప్న గోడకు ఆనుకుని నిలబడి నన్నే చూస్తోంది. ఉపన్యాసం చెయ్యకూడదని పళ్లు బిగబట్టుకున్నాను. అతను ఎలా పోయాడమ్మా అని మాత్రం అడిగాను.

"ఫస్ట్ అచ్చిండు, ఫోటో వెట్టిన్రు, నెల తిరుగలే."

"గెలిచినప్పుడు నువ్వు చూశావా?"

"సూడకేంది. అప్పటికి నాకు పెండ్లి గాలే. భుజాల మీద ఎక్కిచ్చుకొని తెచ్చిన్రు వాన్ని."

"పోయినప్పుడు?"

"గప్పుడు గిదీ," అని స్వప్న వైపు గడ్డం ఎత్తింది, "గోడ వట్టుకొని నడుస్తుండె. మామ మంచం సుట్టు..." చేతిలో నూలు ఆగింది. పెళ్లి, కాన్పు, నడక. ఆమె లోపలే కూడుకుంటోంది. రాజమల్లు మెల్లగా అన్నాడు. "పెద్ద ఫోటో ఎప్పుడు చేయిచ్చినవ్ చెల్లె?"

"నేనే వట్కపోయిన. కాలేజి కార్డు మీది బొమ్మ. దినాల ముంగట..."

ఏరిన నూలు ముక్కలన్నీ ఆమె ఒళ్లోంచి కింద పోసేసింది.

"మూడేండ్లు దగ్గిండన్నా వాడు," అంది చివరికి. "రాత్రి పాళీ వోయెటోడు. గని ఒక్కటి అడుగుత సార్, జెప్పున్రి. పోయే ముంగట నా చెయ్యి వట్టుకొని అన్నడు. అక్కా, గోడ మీద నా ఫోటో ఉన్నదే, సూశి అచ్చిన అన్నడు. అప్పటికి గోడ మీద ఇద్దరే ఉండిరి. వాడు ఎట్ల సూశిండు?"

జ్వరంలో అన్న మాటమ్మా అని చెప్పాను. అదే నిజం. ఇప్పటికీ అదే చెబుతాను. చెబుతున్నప్పుడు నా చేతుల మీద రోమాలు లేచి ఉన్నాయన్నది కూడా నిజమే, దాచను.

ఆమె నా వైపు తిరిగింది. "మీ నోటిమాట తోని నా బిడ్డను గోడకెక్కియ్యమంటరా? బతికున్నోన్ని ఒక్కన్ని సూపియ్యున్రి ఆ గోడ మీద."

"నాది వెడ్త చెల్లె," అన్నాడు రాజమల్లు. ఆయన దగ్గు మింగుకోవడం నేను చూశాను. స్వప్న కూడా చూసింది.

పదో ఫ్రేము

శనివారం నా ఉపన్యాసం పెట్టుకున్న సమయానికి అందరూ నడవాలో ఉన్నారు. చాచా రాత్రికి రాత్రి పని పూర్తిచేశాడు. నల్ల ఫ్రేము తప్ప వేరేది ఆయన దగ్గర లేదు. రాజమల్లు స్టూలెక్కి తన ఫోటో తానే తగిలించాడు. ఎవరో పిల్ల నూలు దండ తెచ్చింది. "దండ ఎయ్యకు," అని లక్ష్మి వెనక నుంచి గట్టిగా అంది.

ఆయన దిగి తన ఫోటో కిందే నిలబడ్డాడు. ఒకే మొహం రెండుసార్లు. అద్దం లోపలిది నిశ్చలంగా ఉంది, బయటిది చెమట పట్టి ఉంది. ఇంతలో ఆయన దగ్గాడు. నడవా అంతా ఒక్కడుగు వెనక్కి వేసింది. నేనూ వేశాను.

"ఏందిరా, గట్ల సూస్తరు," అన్నాడు ఆయన ఊపిరి తీసుకుని. "ఈ దగ్గు నిన్నటిదా? ముప్పై ఏండ్ల సందిది."

ఆ మాట దగ్గర నేను మళ్లీ మనిషినయ్యాను. ఒక్కొక్క ఫ్రేము ముందు నిలబడి, ఈయన ఎలా పోయాడు అని పిల్లల చేతే పెద్దవాళ్లను అడిగించాను. ఒకరు కరెంటు షాకు. ఇద్దరు లారీ కింద. మిగతా ఆరుగురూ దగ్గి దగ్గి పోయారు. ఆరుగురూ చదువు అయ్యాక, కప్పులు గెలిచాక కూడా, మూసిన కిటికీల షెడ్లలో పన్నెండేసి గంటలు నూగు పీల్చినవాళ్లే, వకీలుతో సహా. అతను పగలు కోర్టుకు, రాత్రి మగ్గానికి వెళ్లేవాడు. కాలేజీకి ధారాళంగా చందాలిచ్చే మన తెలుగు యజమానులు తమ షెడ్ల గోడలకు గాలి లాగే ఫ్యాను ఒక్కటి పెట్టించలేదు. మంచి మనుషులే, నన్ను పిలిచి భోజనాలు పెట్టారు. గోడ చంపుతుందని పిల్లలు నమ్మడం వాళ్లకు ఎంత సదుపాయమో వాళ్లకే తెలియదు.

కాశేలి దాటాక

ఆదివారం. గోదాముల వెనక మైదానం. లక్ష్మి కూడా వచ్చింది, పని మానుకుని. ఒట్టు తీసేసిందని రాజమల్లు చెప్పాడు. స్వప్న నా వైపు చూసి తల ఊపింది.

చివరి మలుపులో ఆమె అందరికంటే పది అడుగులు ముందుంది. "ఉరుకు బిడ్డా, ఉరుకు," అని లక్ష్మి అరుస్తోంది, గొంతు చీరుకుపోయేలా. దారం ఇరవై అడుగులుందనగా స్వప్న అడుగు చిన్నదైంది. ఆమె మొహంలో పట్టుదల అలాగే ఉంది. చేతులు పరుగెడుతూనే ఉన్నాయి. కాళ్లు నడుస్తున్నాయి. ఎవరో కింది నుంచి పట్టుకున్నట్టు. పక్క కాలేజీ అమ్మాయి ఆమెను దాటి దారం తెంపుకుని వెళ్లిపోయింది.

స్వప్న ఏడవలేదు. తన మోకాళ్లను ఎవరివో అన్నట్టు చూసుకుంది. "నేను ఆగలే సార్," అంది నాతో. "కాళ్లే ఆగినయ్."

తిరుగు రైలు ఎక్కేముందు రాజమల్లు జేబులోంచి ఆ నూలు ఉండ తీసి చూపించాడు, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. పై ఏడు పోటీకి సాధన చేయించేటప్పుడు మళ్లీ అదే దారం కడతాడట. పోటీలో దారం తెంపడానికి స్వప్నకు మిగిలింది ఆ ఒక్క ఏడే. ఇప్పుడు ఆ గోడ మీద తొమ్మిది మంది చనిపోయినవాళ్లు, ఒక్క బతికున్నవాడు. ఈ లెక్కతో కాళ్లు ఒప్పుకోవు. ఆ ఒక్కడూ ఈలోగా దగ్గి పోతే ఏమవుతుందో నేను రాయను.

ఆ కాలేజీలో చదివి సూరత్‌లో, సోలాపూర్‌లో, సిరిసిల్లలో, హైదరాబాదులో బతికున్నవాళ్లు ఇది చదువుతూ ఉంటారు. మీరు పరుగులో గెలిచారో, చదువులో గెలిచారో, ఊరికే బతికి బయటపడ్డారో నాకు అనవసరం. ఆ షెడ్ల యజమానులారా, ముందు ఫ్యాను పెట్టించండి, ఫ్రేములు తర్వాత. మిగతావాళ్లంతా లేవండి. ఈ వారంలోనే స్టూడియోకు వెళ్లండి. మీ ఒక్కరి మొహం పెద్దది చేయించండి. చావు కబురా అని స్టూడియో అతను అడుగుతాడు, కాదని చెప్పండి. కింద మీ పేరు రాసి, పక్కన 'బతికే ఉన్నాను' అని రాసి, ఆ గోడకు పంపండి.